గులాబీ పువ్వున్న గేరు నాబ్

ఆడపిల్ల కారు నడుపుతూ పోతుంటే సూర్యాపేటలో జనం టీ తాగడం మరిచిపోయి చూసే కాలం ఒకటుండేది. సరిగ్గా ఆ కాలంలోనే నాకు కోదాడలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. బస్సులో పోనన్నాను, మా నాయిన పాత కారులోనే పోతానన్నాను. నాతో వాదించి గెలవలేక (ఇంట్లో ఇంతవరకూ ఎవరూ గెలవలేదు) ఆయన తీర్పు తన అక్క మీద పెట్టాడు. మా ఇంటికి వచ్చిన మేనత్తను మిర్యాలగూడలోని ఆమె ఇంటి దగ్గర నేను దించాలి. అక్కడి నుంచి ఆమె ఫోన్ చేసి నా డ్రైవింగ్ బాగుందంటే కారు నేనే వెనక్కి తెస్తాను, ఇక కోదాడకూ అందులోనే పోతాను. బాగాలేదంటే నాయినే బస్సెక్కి వచ్చి కారు తెచ్చుకుంటాడు. నాకు జన్మంతా బస్సే.

అంత పరీక్ష నెత్తిమీద ఉంటే బుద్ధున్నవాళ్లు గేర్లు మార్చడం నేర్చుకుంటారు. నేను ఏకంగా గేరు నాబే మార్చాను. ఏం చేయను, పాతదాన్ని చూడలేకపోయేదాన్ని. ప్రతి దసరాకూ నాయిన పెట్టిన పసుపు కుంకుమల కింద దాని మీది అంకెలు ఎప్పుడో పూడిపోయాయి. బండి తీసే ముందు ఆయన దాన్ని తాకి కళ్లకద్దుకునేవాడు. దాంతో నేను కాలేజీ గేటులోకి పోవాలా? అందుకే గాజులా మెరిసే కొత్త నాబ్ కొన్నాను, లోపల ఎర్ర గులాబీ ఉంటుంది. "ఏ బండికైనా పడతది మేడం" అన్నాడు దుకాణదారు. మా బండికి పడలేదు. నాబ్ కింది రంధ్రం గేరు రాడ్డు కంటే పెద్దది. నేను ఓడిపోతానా? అమ్మ పూలబుట్టలోంచి దండ కట్టే దారం తెచ్చి, రాడ్డుకు చుట్టి, దాని మీద నాబ్‌ను బిగించాను. పాతదాన్ని కర్చీఫులో మూటగట్టి డాష్‌బోర్డు అరలో దాచాను. బయల్దేరేటప్పుడు నాయిన కంట పడకుండా కొత్త నాబ్ మీద చున్నీ కప్పాను, వీధి మలుపు తిరిగాక తీసేశాను.

నేరేడుచర్ల దాటాక అరచేతి కింద గులాబీ మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. చెయ్యి తీస్తే ఎక్కడ ఊడుతుందోనని అదిమి పట్టుకున్నాను.

"ఏమే, ఆ చెయ్యి గాడనే పెట్టుకున్నవ్? స్టీరింగ్ ఎవలు పట్టుకోవాలె, నీ మొగుడా?" అంది అత్త.

"నాకింకా పెళ్లి కాలేదత్తా."

"గిట్ల నడిపితే ఇగ కాదు గూడ."

మిర్యాలగూడ చేరేసరికి రైలు గేటు పడింది. వెనక వడ్ల లారీల వరుస. గేటు లేస్తుండగా తాళం తిప్పడానికి నాబ్ మీంచి చెయ్యి తీశాను, సరిగ్గా అప్పుడే అత్తకు భక్తి పుట్టింది. "ఆగిన బండి కదిలేటప్పుడు మొక్కాలె. మీ నాయిన నీకు గిదన్న నేర్పలేదా?" అంటూ నాబ్‌ను తాకి, చేతిని కళ్ల దగ్గరికి తీసుకుంది. చేతితోపాటు నాబ్ కూడా వెళ్లింది. గులాబీ, అత్త ఒకరినొకరు చూసుకున్నారు.

"అయ్యో, నేనేం గుంజలేదే! ఉట్టిగ తాకిన!"

"ఏం కాదత్తా, అది అట్లనే వస్తది" అన్నాను. (ఇంతకంటే తెలివైన మాట ఆ క్షణంలో నాకు దొరకలేదు.)

వెనక లారీలన్నీ ఒకేసారి హారన్ కొట్టాయి. దారపు చుట్టలతో బోడిగా నిలబడిన రాడ్డునే పట్టుకుని, అరచెయ్యి ఒరుసుకుపోతుంటే పట్టాలు దాటించి, ఒక రైస్ మిల్లు గోడ పక్కన ఆపాను. వేరే దారి లేక కర్చీఫు మూట విప్పాను. అత్త పసుపు నాబ్‌ను చూసింది, గులాబీ నాబ్‌ను చూసింది, నన్ను చూసింది.

"ఇది మా తమ్మునిది. మరి గిదెక్కడిది?"

తప్పు దుకాణదారుదన్నాను, రంధ్రానిదన్నాను, దారం నాసిరకమన్నాను. అత్త అంతా విని, గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి నా చేతిలో పెట్టింది.

"నోరు మల్ల నడుపుదువు గని, ముందు గా దారం పీకు."

పాతది బిగించి ఇంటికి చేర్చాను. లోపలికి పోతూనే అత్త ఫోన్ అందుకుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను, బస్సు కిటికీ పక్కన కూర్చున్నట్టు అప్పుడే కనిపిస్తోంది.

"ఆఁ తమ్మీ, చేరినం. బండి మంచిగనే నడుపుతది. నోటికే బ్రేకుల్లేవు, గది నువ్వు సూసుకో." ఫోన్ పెట్టి గులాబీ నాబ్‌ను తన షోకేసులో పెట్టింది. "ఇది నా దగ్గర్నే ఉంటది. నువ్వు నెత్తికెక్కిన్నాడు మీ నాయినకు సూపెడత."

కోదాడకు కారులోనే పోయాను. ఆ నాబ్ భయానికి అత్త పిలిచినప్పుడల్లా మిర్యాలగూడకు కూడా పోయాను. ఆమె ఎవరికీ చూపెట్టలేదు.

ఇప్పుడు నాది గేర్లు వేసే పనే లేని కారు. అయినా బండి తీసే ముందు నా చెయ్యి దానంతటదే నాబ్ మీదికి, అక్కడి నుంచి కళ్ల మీదికి పోతుంది. మొన్న నా కూతురు నవ్వింది: "అమ్మా, నీకు గింత భక్తి ఎప్పటినుంచే?"

"భక్తి కాదే. ఊడొస్తదేమోనని చూస్తున్న."