అర్జీ నెత్తిన దువ్వెన

భానుమూర్తి గారికి కాగితం నెత్తిన ఏదో ఒక బొమ్మ కొట్టకపోతే తిన్న అన్నం అరగదు. కొట్టేది టైపు మిషనుతోనే. పెన్ను ముట్టుకుంటే పరువు తక్కువ ఆయనకి.

నేను నర్సీపట్నంలో గుమాస్తాగా చేరింది డెబ్భై ఎనిమిదిలో. ఏ ఆఫీసని అడక్కండి, పరువు పోయేది నాదే. ఆ వరండాలోనే ఆయన మిషను పెట్టుకుని జనానికి ఇంగ్లీషులో అర్జీలు కొట్టేవారు. మిషను మీద ఆశ్చర్యార్థకం మీట లేదు. ఆయన చుక్క కొట్టి, ఒక గడి వెనక్కి జరిపి, దాని నెత్తిన ఒంటి కొటేషన్ గుర్తు దించేవారు. రెండు బ్రాకెట్ల మధ్య చిన్న సున్నా పెట్టి, తోకకి ఎక్స్ తగిలిస్తే చేప. హెచ్ మీద హెచ్ పేరిస్తే నిచ్చెన. ఇవన్నీ అయ్యాకే ‘సర్’ అని అర్జీ మొదలయ్యేది.

ఓసారి మత్స్యరాజు అనే రైతు తన ఎద్దు చచ్చిపోయిందని సాయం కోసం వచ్చాడు. ఈయన ఎద్దు బొమ్మ కొడుతూ మూడు కాగితాలు చింపేశారు.

“కొమ్ములు వంకరగా వచ్చాయయ్యా, ఉండు.”

“సచ్చిపోయిన ఎద్దుకి కొమ్ములెలాగుంటే ఏటి బాబూ! బేగి కొట్టండి, బస్సెల్లిపోద్ది.”

బస్సు వెళ్ళిపోయింది. కొమ్ములు మాత్రం దివ్యంగా కుదిరాయి.

“ఇవి అర్జీలా, చేపల బజారు బోర్డులా?” అని మా ఆఫీసరు నా మీద ఎగిరేవారు. నేను వరండాలోకి వెళ్ళి ఈయన మీద ఎగిరేవాణ్ణి.

“బొమ్మలు ఆపండి మూర్తిగారూ, ఆఫీసరుగారు మండిపడుతున్నారు.”

“ఆయన రిటైరయ్యే కాగితాలు నేనే కొడతానని చెప్పు. మంచి కుర్చీ బొమ్మ వేస్తాను.”

ఇలా ఉండగా రావికమతం నుంచి సింహాద్రమ్మ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా సాగుచేస్తున్న జీడితోటకి పట్టా అడుగుతూ ఎప్పుడో అర్జీ ఇచ్చిందట. ఆ రోజే ఆఖరి విచారణ.

“ఈవిడ అర్జీ ఏదయ్యా?” అన్నారు ఆఫీసరు.

“రాలేదండీ,” అన్నాను వెతక్కుండానే. ఒట్టి బద్ధకం.

“అర్జీ లేకపోతే పట్టా లేదు. పక్కతోటవాడు అడుగుతున్నాడు, వాడికే రాసెయ్.”

“ఓలమ్మో! ఈ సేత్తోనే ఇచ్చినాను బాబూ!”

“ఏ తారీకున ఇచ్చావు?”

“తారీకులు నాకేటి తెలుస్తాయి?”

అంటూనే అలమారు ముందు చతికిలబడి కట్టలు విప్పడం మొదలెట్టింది. అక్షరం రాని మనిషి ఏం వెతుకుతుందిలే అని నేను నవ్వుకుంటున్నాను. మూడో కట్ట నక్కపల్లి వాళ్ళది. అందులోంచి ఒక కాగితం లాగి ఆఫీసరు ముందు పెట్టింది.

“ఇదే! దువ్వెన! ఇది నాదే!”

నిజంగానే పైన దువ్వెన ఉంది, అడ్డగీతల వరస కింద నిలువుగీతల వరస. ఆ కింద సింహాద్రమ్మ పేరు, నా రాతలో అర్జీ అందిన తేదీ. రావికమతం అర్జీని నక్కపల్లి కట్టలో దూర్చిన ఘనుణ్ణి నేనే. ఆఫీసరు నన్నొక చూపు చూసి విచారణ మొదలెట్టారు. సాయంత్రానికి పట్టా మంజూరైంది.

“దువ్వెన ఏమిటమ్మా?” అని అడిగాను.

“మూర్తి బాబు అడిగినారు, మరిసిపోకుండా ఏ గుర్తు ఎట్టమంటావని. మాకు అచ్చరాలు రావు గదా. మా అప్ప కొండలమ్మకి నిచ్చెన ఎట్టినారు.”

సిగ్గేసింది. ఆ పిచ్చి మహానుభావుడి మీద ఎక్కళ్ళేని ప్రేమా పుట్టుకొచ్చింది. పరుగున వరండాలోకి వెళ్ళాను.

“ముందే చెప్పొచ్చు కదండీ!”

“చెప్తే బొమ్మలు చూసి మరీ దాచేసేవాడివి.”

మర్నాడు నా బదిలీ దరఖాస్తు ఆయన చేతే కొట్టించుకున్నాను. కాగితం చూస్తే బోసిగా ఉంది. ఒక్క చుక్క కూడా ఎక్కువ లేదు. నాకు ఉక్రోషం వచ్చింది.

“నాకు బొమ్మ లేదాండీ?”

“నీకేటయ్యా,” అన్నారు మిషనులో ఇంకో కాగితం దూరుస్తూ, “నీకు చదువొచ్చు గదా!”