కొండ మీది సీలింగ్ ఫ్యాన్లు

అనంతగిరి ఘాట్ రోడ్డు పక్కన, వేసవిలో మేం ఆడపిల్లలకు శిబిరం నడిపే పెంకుల భవనంలో, పెళ్లి మండపానికి సరిపడా సీలింగ్ ఫ్యాన్లున్నాయి. మే నెలలో కూడా అక్కడ తెల్లవారుజామున దుప్పటి లేనిదే పడుకోలేం. అయినా ఫ్యాన్లున్నాయి. ఒక్కో ఫ్యాను రెక్కల మీద ఎర్ర రంగుతో ఒక పేరు, దానికి ముందు కీర్తిశేషులు, వెనక జ్ఞాపకార్థం. వాటిని చూసినప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. అవి అక్కడికి రావడానికి కారణం ఒకే ఒక్క మాట. ఆ మాట "వసతులు".

నేను గాజువాకలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మా మహిళా మండలి చాలా ఏళ్లుగా పోర్టు కళాసీల ఆడపిల్లల్ని, ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనులు చేసేవాళ్ల ఆడపిల్లల్ని మే నెలలో కొండెక్కించి కొన్నాళ్లు ఉంచుతుంది. ఇక్కడి ఉక్కపోతలో ఇంటి అంట్లు తోమి, చెల్లెళ్లకు జడలు వేసే పిల్లలు అక్కడ చెట్లెక్కుతారు, అరుస్తారు, మధ్యాహ్నం ఎవరూ లేపకుండా నిద్రపోతారు. ఒక తుఫానుకు ఆ భవనం పెంకులు ఎగిరిపోయాయి. వెనక ఉన్న మరుగుదొడ్ల తలుపులు కూడా పోయాయి. పెంకులు వేయించాం. తలుపుల చోట గోనెపట్టాలు కట్టి, ఈ ఒక్క ఏడాదికీ సర్దుకుందాం అనుకున్నాం. మన దగ్గర ఒక్క ఏడాది అంటే ఎంతో మీకు తెలియంది కాదు.

కిందటి వేసవిలో ఏడో క్లాసు పిల్ల ఒకతి కాఫీ తోటల మధ్య నడుస్తూ కళ్లు తిరిగి పడిపోయింది. ఎత్తుకుని జీపులో ఆసుపత్రికి తీసుకెళ్లాం. సెలైను పెట్టి డాక్టరమ్మ నన్నే కసిరింది, ఈ పిల్ల నీళ్లు తాగి ఎంతసేపైందని. నేను పిల్ల వైపు చూశాను.

"తాగితే ఎల్లాలి కదా టీచర్," అంది అది. "గోనెపట్టా గాలికి లేచిపోతంది. రోడ్డు మీద లారీలోళ్లు సూత్తన్నారు."

వెనక్కి వచ్చి మిగతా పిల్లల్ని అడిగాను. ఒక్కళ్లూ కడుపునిండా నీళ్లు తాగడం లేదు. పొద్దున్న నింపిన బిందె సాయంత్రానికీ దాదాపు నింపినట్టే ఉంది. ఆ బిందె ముందు కూర్చుని ఏడ్చాను.

రెండు రోజుల్లో తల్లులు వచ్చి పిల్లల్ని తీసుకుపోయారు. మరుగుదొడ్లు కట్టించండి, అప్పుడు పంపుతాం అన్నారు. వాళ్లతో వాదించడానికి నా దగ్గర ఏముంది? భవనం మాకు వాడుకోమని ఇచ్చిన పెద్దాయన పోయాడు. ఆయన కొడుకులకు దాన్ని రిసార్టు చేసుకోవాలని ఉంది. వచ్చే మే నెలలో శిబిరం జరగకపోతే తాళాలు తమకు అప్పగించమన్నారు. అంటే మళ్లీ వేసవి వచ్చేలోగా దొడ్లూ, స్నానాల గదులూ, ఇంకొంతమంది పిల్లలు పట్టడానికి పక్కన ఒక గదీ లేవాలి. లేవకపోతే ఆ పిల్లలకు కొండ లేదు.

చందాల కరపత్రం నేనే రాశాను. "ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టాలి. సాయం చేయండి." అంతే. మా అధ్యక్షురాలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్టీల్ ప్లాంటు క్వార్టర్లలో ఏళ్ల తరబడి కాపురం చేసిన మనిషి. మంచావిడే. అయితే ఆవిడ ఏ కాగితం రాసినా శుభలేఖ అయిపోతుంది.

"పైన శ్రీరస్తు అని వేసి కింద ఆ మాట ఎలా వేయిస్తామండీ?" అంది.

"శ్రీరస్తు తీసేద్దాం," అన్నాను.

"శుభమా అని మొదలుపెడుతూ శ్రీరస్తు తీసేయడమేంటండీ, మీరు మరీనూ!"

చివరికి కరపత్రం పసుపు రంగు కాగితం మీద, నాలుగు మూలలా కుంకుమ రంగు పువ్వులతో అచ్చయింది. శ్రీరస్తు ఉంది, శుభమస్తు ఉంది, అవిఘ్నమస్తు కూడా ఉంది. మరుగుదొడ్లు లేవు. వాటి చోట "బాలికల మౌలిక వసతుల కల్పనకు" అని ఉంది.

వసతి అంటే మనవాళ్లకు గుర్తొచ్చేది ఫ్యానే. గుడికీ ఫ్యానే, బడికీ ఫ్యానే, శ్మశానంలో జనం కూర్చునే షెడ్డుకూ ఫ్యానే. కరపత్రం పంచిన వారంలోపే మొదటి ఫ్యాను అట్టపెట్టెతో సహా మా ఇంటికొచ్చింది. అప్పటికే రెక్కల మీద పేరు రాయించి మరీ పంపారు, మేం ఎక్కడ మర్చిపోతామోనని.

ఇలా కాదని నేనే తిరగడం మొదలుపెట్టాను. వన్ టౌన్‌లో పప్పుల హోల్‌సేల్ షావుకారు ఒకాయన ఉన్నాడు. అడిగితే లేదనడని పేరు. సందులో ఆటోలను తప్పించుకుంటూ కొట్టుకెళ్తే కుర్చీ వేయించి, టీ తెప్పించి, మాట్లాడకముందే గల్లాపెట్టె తెరిచాడు. మరుగుదొడ్లకని చెప్పాను. మూత మెల్లగా పడింది.

"మా నాన్న పేరు దాని మీద ఏటమ్మా!" అన్నాడు. కోపంతో కాదు, నిజంగా బాధపడి. "లోపలికెల్లినోల్లు, బయటికొచ్చినోల్లు, అందరూ ఆయన పేరు సూసుకుంటా ఎల్తారా? నాకు పుట్టగతులుంటాయా?"

"పేరు వేయకుండా ఇవ్వండి బాబూ."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "పేరు లేకపోతే ఇచ్చినట్టెలగవుద్దమ్మా? ఓ పని సేత్తాను. మంచి కంపినీ ఫ్యాన్లు నాలుగు పంపుతాను."

"కొండ మీద చలి. ఫ్యాన్లు తిరగవు."

"మరీ మంచిది కదేటి! తిరగకపోతే పేరు బాగా అవుపిస్తాది."

టీ తాగేసి వచ్చేశాను. చెప్పినట్టే నాలుగు ఫ్యాన్లు వచ్చాయి.

ఆనందపురంలో పొలాల్ని ప్లాట్లు చేసి అమ్మే ఒకాయన మరో మెట్టు పైకెళ్లాడు. ఘాట్ రోడ్డు మీద వెళ్లే ప్రతి కారుకూ కనిపించేలా ఆర్చి కట్టిస్తానన్నాడు. కట్టించాడు కూడా. అటూ ఇటూ సిమెంటు ఏనుగులు, పైన వాళ్ల తాతగారి బొమ్మ. ఆర్చి పూర్తయ్యేసరికి సంక్రాంతి వెళ్లిపోయింది, దొడ్లకు ఇంకా గొయ్యి కూడా తవ్వలేదు. అధ్యక్షురాలు మాత్రం ప్రారంభోత్సవానికి శాలువాలు ఎన్ని కావాలో లెక్కేస్తోంది.

"ఆర్చి కింద కూర్చోమందామా పిల్లల్ని?" అన్నాను మీటింగులో.

"మీకు కోపం ఎక్కువండీ," అంది ఆవిడ.

ఎక్కువే. ఆ కోపంతోనే ఇంటికొచ్చి చెప్పులు విసిరాను. మా అమ్మ అరుగు మీద కూర్చుని చింతకాయలకు నారలు తీస్తోంది. నాతోనే ఉంటుంది. చదువు లేదు, చెవులు మాత్రం పాముచెవులు. నేను అటూ ఇటూ తిరుగుతూ అందరినీ తిట్టిందంతా విని, చివర్న అడిగింది.

"ఆ పడిపోయిన పిల్లగుంట ఏటన్నాదన్నావు? తాగితే ఎల్లాలనా?"

"అవునమ్మా."

అమ్మ చింతకాయలు పక్కన పెట్టింది. "నా పెల్లప్పుడు మీ నాన్నోలూరు బండి మీద ఎల్లినాం. పొద్దున్నించీ నోట్లో సుక్క ఏసుకోలేదు నాను. దిగినాక సీకటి పడీదాకా ఎవుల్నడుగుతాను? కొత్త కోడల్ని. మీ నానమ్మ నీల్లిస్తే వద్దన్నాను. ఈ పిల్లకి ఎంత పొగరో, అత్తోరింట్లో నీల్లు కూడా ముట్టదన్నారు. ఆ మాట సచ్చిందాకా అంటానే ఉంది మీ నానమ్మ."

ఆ పొగరు కథ నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. పండగలకు చుట్టాలంతా చేరినప్పుడు చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. అందులో ఉన్నది దాహమని ఆ రోజే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే అమ్మ బ్యాంకుకు తీసుకెళ్లమంది. తన దినాల భోజనాలకని దాచుకున్న డబ్బు అందులో ఉంది. ఊరంతటికీ గారెలతో, పులిహోరతో పెట్టాలని, మాకు ఖర్చు కాకూడదని ఎప్పటి నుంచో కూడబెట్టింది. దాని జోలికి ఎవరు వెళ్లినా ఊరుకునేది కాదు.

"వద్దమ్మా," అన్నాను.

"ఏటి వద్దు? సచ్చినాక ఊరందరికీ బోజనం పెడతావు. తిన్నోల్లు మల్లీ ఎక్కడికెల్తారు? అక్కడికే కదా. అదేదో ముందే కట్టించీ."

నవ్వలేక చచ్చాను. తర్వాత మా ఇద్దరికీ ఏడుపొచ్చింది.

ఆ డబ్బుతో గోతులు తవ్వించి, మొదటి దొడ్డి గోడలు లేపాం. పెయింటరు వచ్చి దాత పేరేమిటని అడిగాడు. ఫోన్లో అమ్మనడిగాను, బతికుండగా పేరు వేయించుకోకూడదు అంటుందేమోనని భయపడుతూ.

"నా పేరు ఎవులికి తెలుసు?" అంది. "అమ్మమ్మ అని రాయించు. పెద్దచ్చరాలు."

ఒక్క అమ్మమ్మ అనే రాస్తే బోడిగా ఉందని పెయింటరు తనంతట తనే ఇంకో మాట కలిపాడు. తలుపు మీద "అమ్మమ్మ గారిల్లు" అని లేచింది. చుట్టూ ముగ్గు కూడా వేశాడు.

ఆ తలుపు ఫొటో మహిళా మండలి వాట్సాప్‌లో తిరిగింది. ఆ తర్వాత జరిగింది నేను ఊహించలేదు. ఇన్నాళ్లూ నోటితో పలకలేని వస్తువుకు పలకడానికి వీలైన పేరు దొరికింది కదా, వన్ టౌన్ షావుకారు స్వయంగా ఫోన్ చేశాడు.

"అమ్మా, మా నాన్న పేరయితే కుదర్దు. మా నాయనమ్మంటే నాకు పేనం. నాయనమ్మ గారిల్లని ఒకటి రాయించండి. డబ్బులట్టుకెల్లండి."

పెద్దమ్మ గారిల్లు వచ్చింది. మేనత్త గారిల్లు వచ్చింది. స్నానాల గదులు పిన్నుల పేరున లేచాయి. పక్కన గది కూడా లేచింది. మా అధ్యక్షురాలు కరిగి, వాళ్ల అత్తగారి జ్ఞాపకార్థం చివరి దొడ్డి కట్టించింది. దాని మీద "అత్తగారిల్లు" అని రాయించింది. బయట ఎంత లైనున్నా ఆడపిల్లలు ఆ పేరున్న దాంట్లోకి వెళ్లరని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, నేనైతే అసలు చెప్పలేదు.

మే నెలలో పిల్లలు వచ్చారు, మునుపటి కంటే ఎక్కువమంది. ఆ కళ్లు తిరిగిన పిల్ల కూడా వచ్చింది. ఏనుగుల ఆర్చి కింద ఫొటోలు దిగారు. ఫ్యాను రెక్కలకు తడి చున్నీలు ఆరేశారు, కీర్తిశేషులందరూ వాటి కింద దాక్కున్నారు. మొదటి రోజు ఆటల మధ్యలో ఆ పిల్లే పరిగెత్తుకుంటూ వచ్చింది.

"టీచర్, అమ్మమ్మ గారింటికి ఎల్లొత్తాను."

సిగ్గు లేదు, గుసగుస లేదు. మైదానం అవతలికి కూడా వినిపించేలా అరిచింది.

సాయంత్రం సిగ్నల్ దొరికే మలుపు దాకా నడిచివెళ్లి అమ్మకు ఫోన్ చేశాను. ఘాట్ రోడ్డు ఎక్కితే వాంతులని తను రాలేదు. తలుపు మీది అక్షరాల గురించి, ముగ్గు గురించి, అత్తగారింటి గురించి చెప్పి నవ్వించాలనుకున్నాను. అమ్మ వాటిలో ఏదీ అడగలేదు.

"గుంటలు నీల్లు తాగతన్నారా?"

"తాగుతున్నారమ్మా. మధ్యాహ్నం నింపిన బిందె కూడా ఖాళీ అయిపోయింది."

"మరి ఫోనట్టుకుని కూకున్నావేటి?" అంది. "ఎల్లి మల్లీ నింపు."