వాన తొవ్వ తెలిసిన మేస్త్రి

మా సందులోని మేస్త్రి గారు మొన్న మంగళవారం పొద్దున పోయారు. కిరాణా కొట్టు అక్క వచ్చి చెబితే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎవరన్నారు?" అని. ఎవరేం చెప్పినా ఎవరన్నారు, ఎందుకన్నారు, ఇందులో వాళ్ళకేం ఒరుగుతుంది అని అడగడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. "గుండె ఆగిందంట చెల్లె, నిద్రలనే," అంది అక్క. కుట్టుమిషను మీద చెయ్యి అలాగే పెట్టుకుని కూర్చుండిపోయాను. ఈసారి అనుమానించడానికి ఏమీ దొరకలేదు.

ఆయన గురించి పేపర్లో ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. హీరోయిన్ వెనక డాన్సు చేసే అమ్మాయిలకు జాకెట్లు కుట్టడం నా పని. ఆయన పని సినిమాలకు వాన కురిపించడం. ట్యాంకర్లు, మోటారు, చిల్లులు పొడిచిన గొట్టాలు, అంతే సరంజామా. ఫిల్మ్ నగర్ గుట్ట మీది రోడ్లలో ఆయన తడపని రోడ్డు లేదు. వెనక వరసలో డాన్సు చేసే పిల్లలకు కూడా నీళ్ళలో వేడినీళ్ళు కలిపించేవారు. హీరోయిన్‌కి కలిపితే చాలు కదా అని మేనేజరు విసుక్కుంటే, "దగ్గు అందరికొక్క తీరే వస్తది సార్," అనేవారట. ఆ పిల్లలే నాకు చెప్పారు.

ఉత్తుత్తి వాన కురిపించే మనిషికి నిజం వానంటే వల్లమాలిన అనుమానం. ఆకాశం కాస్త నల్లబడితే చాలు, గడపలో నిలబడి ఎవరో అప్పు అడగడానికి వస్తున్నట్టు చూసేవారు. టీవీలో ఎక్కడ వరదలు వచ్చినా వదిలేవారు కాదు. ఎడారి దేశంలో విమానాలు నీళ్ళలో నిలబడ్డా, చలిదేశపు వీధుల్లో కార్లు ఒకదాని మీదొకటి ఎక్కినా, వార్తలు చదివే అమ్మాయి గొంతు తగ్గించి బొమ్మకేసి తదేకంగా చూసేవారు. "ఎంత వాన పడిందో చెప్తరు గని, నీళ్ళు ఎటుకెళ్ళి వచ్చినయో ఒక్కడూ చెప్పడు," అని గొణిగేవారు. దారిని ఆయన తొవ్వ అనేవారు. "వాన మీద కాదు బిడ్డా, దాని తొవ్వ మీద అనుమానం పెట్టుకో," అని నాతో ఎన్నిసార్లన్నారో లెక్కలేదు. నేను దారం కొరుక్కుంటూ ఊకొట్టేదాన్ని.

కిందటేడు ఎండాకాలం చివర్లో పైరోడ్డు మలుపు దగ్గర ఏదో పాటకి వాన కురిపించి వచ్చారు. మొహం అదోలా ఉంది. "గా మలుపు కాడ ఎన్ని ట్యాంకర్లు పోసినా, లైట్లు సర్దుకునేలోపు నీళ్ళు మాయమయ్యేటివి. ఇయ్యాల పోతలేవు. నిలవడి నిలవడి మన గుట్ట దిక్కు మళ్ళినయ్. పైన కొత్తగ కట్టే బిల్డింగోడు సెల్లార్ తవ్వుకుంట వాన కాలువ మూసిండు," అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ రోడ్డు మీద నీళ్ళు పోసిన మనిషి మాట అది. గుట్ట అంచున ఆ బిల్డింగు వాళ్ళ రాళ్ళ గోడ, గోడ కింద మా నాలుగు ఇళ్ళు. వానలు మొదలయ్యేలోపు ఎక్కడికైనా కిరాయికి పొమ్మని నాలుగిళ్ళకీ తిరిగి చెప్పారు.

అక్కడ మొదలైంది నా నిర్వాకం. ఖాళీ చేసిన ఇల్లు ఖాళీగా ఉండదు, తెల్లారేసరికి ఇంకొకడి తాళం పడుతుంది. మా సందులో అది పసిపిల్లలకు కూడా తెలుసు. పైగా ఆయన ఆ బిల్డింగు వాచ్‌మన్‌తో రెండుసార్లు మాట్లాడటం నేను కళ్ళారా చూశాను. ఇంకేం కావాలి నాకు? "మేస్త్రి గారు బిల్డరు మనిషి, మనల్ని లేపేయడానికి వానని అడ్డం పెట్టుకున్నారు" అని పంపు దగ్గర నేనే అన్నాను. ఇంకెవరి మీదో తోసేయడానికి లేదు. సాయంత్రానికి సందంతా పాకింది. ఆయన చెవిన కూడా పడే ఉంటుంది. మర్నాడు నా గడప ముందు నుంచి పోతూ ఎప్పటిలాగే, "తిన్నవా బిడ్డా?" అన్నారు. ఆ మాటలో కూడా నేను మతలబు వెతికాను.

వానలు మొదలయ్యాక ఒకరోజు మధ్యాహ్నం, మా నెత్తిన నాలుగు చినుకులు కూడా పడలేదు. మోతీనగర్‌లో ఉండే మా చెల్లెలు ఫోన్ చేసి బట్టలారేస్తున్నానని చెప్పింది. అంతలో సందులోకి నీళ్ళు వచ్చాయి, నురగలతో, బాగా జోరుగా. ఇంకో పేటలోనైతే జనం హడలిపోయేవాళ్ళేమో. మేం ఫిల్మ్ నగర్ వాళ్ళం కదా! "పైన వాన షూటింగ్ ఉన్నట్టుంది," అని ఒకరంటే అందరం అదే అనుకున్నాం. ఎండలో నీళ్ళొస్తే మాకు షూటింగే గుర్తొస్తుంది. చీపురు తెచ్చి ఆ నీళ్ళతోనే నా గుమ్మం కడుక్కున్నాను కూడా. తెలివితేటలు!

మేస్త్రి గారు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చారు. వంగి దోసిట్లోకి నీళ్ళు తీసుకుని చూశారు. "గియ్యి ట్యాంకర్ నీళ్ళు కావు. ఎర్రమట్టి ఉన్నది. గుట్ట మీద అటు దిక్కు కుండపోత పోస్తున్నది, గోడ ఎనక మట్టి కరుగుతున్నది. బయటికి రాండ్రి, జర జల్ది!" అని కేకలేశారు. మూడిళ్ళ వాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని బయటపడ్డారు. నేను లోపలికి పోయి గడియ పెట్టుకున్నాను. చూశావా, అనుకున్నదే చేస్తున్నాడు, నేను బయటికి అడుగుపెడితే తాళం వేస్తాడు అని నా బుర్ర నాకు గట్టిగా చెప్పింది.

ఆయన తలుపు బాదారు. బతిమాలారు. తర్వాత చప్పుడు లేదు. పోయాడులే అనుకునేలోపు, ఆయన ఇంటి ముందు పెట్టుకునే వాన మోటారు మోత వినబడింది. కిటికీలోంచి షూటింగ్ గొట్టం లోపలికి వచ్చి నా మీద, నా మిషను మీద, మర్నాటికి ఇవ్వాల్సిన పన్నెండు జాకెట్ల మీద ధారగా వాన కురిసింది. ఒళ్ళు మండిపోయి, తడిసిన కోడిలా గడియ తీసుకుని బయటికి దూకి, ఆయన చొక్కా పట్టుకున్నాను. "ఎవరు పంపారు మిమ్మల్ని? ఎవరు పంపారో చెప్పండి!" అని అరుస్తున్నాను. ఆయన నన్ను అలాగే చెయ్యిపట్టి సందు మొదటిదాకా ఈడ్చుకుపోయారు.

మా వెనక ఆ రాళ్ళ గోడ కూలింది. నా గది ఉన్న చోట రాళ్ళు, మట్టి తప్ప ఏమీ లేవు. అక్కడే రోడ్డు మీద కూలబడ్డాను. ఆయన పక్కన కూర్చుని కాసేపు రొప్పి, "జాకెట్లన్నీ తడిసినయా బిడ్డా?" అని అడిగారు. నిజంగా నొచ్చుకున్నారు.

ఆ తర్వాత గోడ ఎలా కూలిందని అడగడానికి ఆఫీసుల నుంచి వచ్చిన పెద్దమనుషులంతా ఒకటే పాట. వాతావరణం మారిపోయింది, లోకమంతా ఇలాగే కురుస్తోంది, ఎవరేం చేస్తారు అని. మేస్త్రి గారు చేతులు కట్టుకుని విన్నారు. "వాన పెద్దదే సార్, అబద్ధం గాదు. గని దాని తొవ్వ మూసింది వాన గాదు గద," అన్నారు. ఎవరూ రాసుకోలేదు. కూలిన గోడని బిల్డింగు వాళ్ళు ఇంకో రెండడుగులు ఎత్తు పెంచి కట్టారు. సందు నీళ్ళన్నీ పోయే చివరి మోరీని కూడా దాని పునాది కింద కప్పేశారని ఆయన అనుమానం. వాళ్ళు కాదన్నారు, కింద గొట్టం వేశామన్నారు. ఆ గోడకి ఎదురు వరసలో, తన పక్కిల్లే నాకు కిరాయికి ఇప్పించారు మేస్త్రి గారు. ఏడాది పాటు పక్కపక్క ఇళ్ళలో బతికాం. క్షమించమని ఒక్కరోజు నోరు తెరిచి అడగలేదు నేను. రేపడుగుదాం, రేపడుగుదాం అనుకున్నాను. అదే నా ఏడుపు ఇప్పుడు.

మంగళవారం మధ్యాహ్నం ఆయన్ని ఇంటి ముందు బల్ల మీద పడుకోబెట్టారు. ఆఖరి స్నానానికి ఇంటికో బిందె తేవడం మా సందు పద్ధతి. నా బిందెతో అందరికన్నా వెనక నిలబడ్డాను. పెద్దమ్మ, అంటే ఆయన భార్య, నన్ను చూసి ముందుకు పిలిచింది. "పొయ్యి బిడ్డా. నీ ఇంట్ల ఆయన పోసిండు, ఇయ్యాల నువ్వు పొయ్యి," అంది. ఏడుస్తూనే పోశాను. నా తర్వాత ఇంకా చాలా బిందెలు పోశారు.

ఆ నీళ్ళు బల్ల కిందినుంచి పాయగా సందు చివరికి పారాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు గానీ, అందరి చూపూ ఆయన మొహం మీంచి నీళ్ళ మీదికి మళ్ళింది. కొత్త గోడ దగ్గరకి పోయి నీళ్ళు ఆగాయి. అక్కడ కాసేపు తచ్చాడాయి. పక్కకి పాకి చూశాయి. పంతులుగారు ఎత్తండని రెండోసారి అన్నారు. మోసేవాళ్ళు కదల్లేదు. గోడ కింద మడుగు నెమ్మదిగా ఉబ్బి, మా కాళ్ళని తడుపుకుంటూ, ఆయన పడుకున్న బల్ల దగ్గరికే వెనక్కి వచ్చింది.