ఒక్కరు రాస్తే అందరూ రాసినట్టే

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పిచ్చి ఊరంతా పట్టిన రోజులవి. మోండా మార్కెట్ వెనక సందులో ఒక కోచింగ్ సెంటర్‌లో, సాయంత్రం బ్యాచ్‌కి ఇంటర్వ్యూల ఇంగ్లిష్ చెప్పేదాన్ని. అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఆ వారమైతే ఇంట్లో గిన్నెలు కూడా నా చేతిలో బతికి బట్టకట్టలేదు.

కారణం మా డైరెక్టర్. కొత్తగా వెబ్‌సైట్ పెట్టించి, అందులో చర్చల పేజీ ఒకటి తెరిచారు. నేను ప్రశ్న పెట్టాలి, పిల్లలు నెట్ సెంటర్‌లో కూర్చుని జవాబులు రాయాలి. "శనివారంలోగా చర్చ కనబడకపోతే మీ బ్యాచ్ ఎత్తేస్తా మేడం" అనేశారు. జీతం సంగతి అటుంచండి, రోజు మొత్తంలో నేనూ ఒక మనిషినని అనిపించేది ఆ గదిలోనే. అది పోతుందంటే కుదురుగా కూర్చోలేకపోయాను.

"ఇంటర్వ్యూలో తెలియని ప్రశ్న అడిగితే, తెలియదని ఒప్పుకోవాలా?" అని పెట్టాను. యాప్రాల్‌లో మా ఇంటి దగ్గరి నెట్ సెంటర్‌కి పొద్దున పరిగెత్తాను, సాయంత్రం పరిగెత్తాను. నా ప్రశ్న ఒక్కటే దిక్కుమాలినట్టు పడి ఉంది. క్లాసులో వీళ్ల నోరు మూయించలేక చచ్చేదాన్ని, ఇక్కడ ఒక్కరికీ నోరు పెగలదేం!

శుక్రవారం ఇక ఉండబట్టలేక, పిల్లలు వెళ్లే నెట్ సెంటర్‌కే వెళ్లాను. మెట్ల దగ్గరికే అరుపులు వినబడ్డాయి. బ్యాచ్ బ్యాచంతా ఒక్క కంప్యూటర్ చుట్టూ మూగి ఉంది.

"తెలవదంటే జాబ్ ఎవడిస్తడ్రా?"

"అబద్ధం చెప్తే ఎంటనే దొర్కుతవ్!"

బొల్లారం నుంచి వచ్చే అమ్మాయి బల్ల గుద్దింది. "తెలవదు, గానీ నేర్చుకుంట అని చెప్పాలె. గట్ల చెప్తే ఇజ్జత్ పోదు."

వింటుంటే నా కడుపు నిండిపోయింది. అందరూ సరేనన్నారు. ఆ అమ్మాయి కీబోర్డు మీదికి వంగి, "యస్ మేడం" అని టైపు చేసి, బ్యాగు అందుకుంది.

"ఏటిది? ఇంతసేపు కొట్టుకుని, ఇదా రాసేది?" అన్నాను వెనక నుంచి.

ఉలిక్కిపడి లేచింది. "అందరం ఒక్క మాట మీదికొచ్చినం కద మేడం. ఒక్కలు రాస్తే అందరు రాసినట్టే. మల్ల మల్ల అదే చదువుడు మీకే పరేషాన్."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "రేపటికి చర్చ కనబడకపోతే మన బ్యాచ్ ఉండదర్రా" అని ఉన్నమాట చెప్పేశాను.

"గిది ముందుగాల చెప్పొద్దా మేడం!" అని నన్నే కోప్పడ్డారు. ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. "రెస్పెక్టెడ్ మేడం, ఐ యామ్ అగ్రీ" అని ఒకరు రాస్తే, అది చూసి ఇంకొకరు. ఇందాకటి మాటల్లో ఒక్కటీ అందులోకి రాలేదు. అయితేనేం, పేజీ నిండింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

శనివారం డైరెక్టర్ ఎదురొచ్చి మరీ మెచ్చుకున్నారు. "సూపర్ మేడం! అక్కడే ఇంత బాగా మాట్లాడుకుంటుంటే ఇంక క్లాసెందుకు? మీ బ్యాచ్ మొత్తం నెట్‌లోనే నడిపిద్దాం. సోమవారం నుంచి ఆ రూమ్ జావా వాళ్లకిస్తున్నా."

సాయంత్రం పిల్లలు నన్ను గుమ్మం దగ్గరే పట్టుకున్నారు. "బ్యాచ్ ఉన్నట్టేనా మేడం?"

ఉందన్నాను. గది లేదన్నాను. ఎప్పుడూ ఒకరి మాట ఒకరిని పూర్తి చేయనివ్వని వాళ్లు, ఒకరి తర్వాత ఒకరు లోపలికెళ్లి బెంచీల మీద కూర్చున్నారు.