మొదటి టెంకాయ

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతివాడికీ తాను తప్పు చేయలేనన్న నమ్మకం ఒకటి ఉండేది. నాకైతే అది కాస్త ఎక్కువే. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క కడపలో మా మేనమామ స్టూడియోలో చేరాను. పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు వీధికొకరు తయారవడంతో మామ పాత ఫిల్ములను కంప్యూటర్లోకి ఎక్కించే పని మొదలుపెట్టాడు. మా స్కానరు బొమ్మను మాత్రమే పట్టేది. శబ్దం కావాలంటే అదే రీలును పాత ప్రొజెక్టరులో తిప్పి విడిగా పట్టుకోవాలి. ఆ రెండింటినీ కలపడం నా పని. (పక్కనే పిండిమిషన్. అది తిరిగితే కరెంటు తగ్గి, మా ప్రొజెక్టరులో పెళ్ళికూతురు కూడా మగగొంతుతో మాట్లాడేది.)

ఒకరోజు ప్రొద్దుటూరు పక్క పల్లె నుంచి ఒక పెద్దాయన తువ్వాలులో చుట్టిన రీలు తెచ్చాడు. ఎప్పటివో వాళ్ళ తిరునాళ్ళ బండలాగుడు పోటీలు. కువైట్ నుంచి వచ్చిన చుట్టమొకాయన మాటలు కూడా పట్టే కెమెరాతో తీశాడట. “మా నాయన మా ఎద్దులను పేరుపెట్టి పిలుస్తాండాడప్పా దీంట్లో. ఇంట్లో ఫోటో ఉండాది గానీ, ఆయన గొంతు ఇంగ యాడ దొరుకుతాది? ఈసారి తిరునాళ్ళకు ఊరందరికీ సూపియ్యల్ల” అన్నాడు. అలా అంటూనే రీలును బల్ల మీద పెట్టడానికి మనసొప్పక చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు. నాకు ఆయన మీద అప్పుడే ఇష్టం పుట్టింది.

సినిమావాళ్ళయితే క్లాపు కొడతారు, దాంతో బొమ్మా శబ్దమూ కలుస్తాయి. ఎద్దుల ముందు క్లాపు ఎవరు కొడతారు? నేను తల పట్టుకుంటే మామే దారి చూపాడు. “ఒక్కో జత దిగేముందు బండకు టెంకాయ కొడతారు గదరా! కాయ పగిలేది కంటితో సూడు, చప్పుడు చెవితో ఇను. రెండూ కలిపితే అయిపాయ!” బొమ్మలో మొదటి టెంకాయనూ శబ్దంలో మొదటి టెంకాయనూ కలిపేశాను. అతికినట్టు కుదిరాయి. ఆ తర్వాతంతా దుమ్మే, ఎవరి నోరూ కనపడదు. కాలరు సర్దుకుని లేచాను.

తిరునాళ్ళ సాయంత్రం బడిగోడకు తెల్లపంచె కట్టి కంప్యూటర్ నుంచి బొమ్మ వేశాం. ముందువరుసలో పెద్దాయన, పక్కన ఆయన బామ్మర్ది. పక్కూరాయన. పోటీలో ఈ బావాబామ్మర్దులది చిరకాల వైరం. తెర మీద మొదట బామ్మర్ది వాళ్ళ నల్లెద్దులు వచ్చాయి. టెంకాయ పగిలింది. వెంటనే, “హై! పాలోడా! మా ఇంటి దేవుడివి నువ్వేరా!” అని పెద్దాయన తండ్రి గొంతు ఖంగుమంది. పాలోడు పెద్దాయన వాళ్ళ తెల్లెద్దు! బామ్మర్ది తొడ చరిచాడు. “సూసినావా బావా! మీ నాయన గూడా మా ఎద్దులనే మెచ్చుకుంటాండాడు!” ఊరంతా పడీపడీ నవ్వింది. తీరా తెల్లెద్దులు దిగేసరికి, “తప్పిపోయిన పిల్లోని అమ్మ యాడున్నా స్టేజీ కాడికి రావల్ల” అని ఆనాటి తిరునాళ్ళ మైకు మోగింది.

పెద్దాయన ఒక్కడే నవ్వలేదు. నావైపు తిరిగి, “గొంతు మా నాయనదే అప్పా. ఎద్దులే మావి గావు” అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు గుర్తొచ్చింది మామకు. బొమ్మ స్కాను చేశాక, రీలు మొదట్లో ప్రొజెక్టరులో తెగితే, ఆ ముక్క వదిలేసి తర్వాతి నుంచే శబ్దం పట్టాం. మొదటి టెంకాయ చప్పుడు ఆ ముక్కలోనే పోయింది. నేను విన్నది రెండోది. జనం బొరుగులు తినే లోపల, శబ్దాన్ని రెండో టెంకాయ దగ్గరికి జరిపి మళ్ళీ వేశాను.

ఈసారి తెల్లెద్దుల ముందు కాయ పగిలింది. “పాలోడా!” అనగానే ఎద్దు మెడ వంచింది. “పగ్గం ఇడ్సురా చిన్నోడా!” అని తండ్రి అరిచాడు. తెర మీద పగ్గం పట్టుకున్న మీసాలైనా రాని కుర్రాడు చెయ్యి వదిలాడు. ఇక్కడ కుర్చీలో పెద్దాయన పిడికిలి కూడా విడిపోయి, తువ్వాలు జారి కింద పడింది. పక్కనున్న బామ్మర్ది దాన్ని తీసి, దుమ్ము దులిపి, బావ భుజం మీద వేశాడు.

మేం సామాన్లు సర్దుకుంటుంటే బామ్మర్ది మెల్లగా నా దగ్గరికొచ్చాడు. “ఆ తప్పుది ఉండాది సూడు, అది నాకొగటి ఇయ్యప్పా. మా ఎద్దులను ఆ మాట అన్నోళ్ళు ఇంగెవరూ లేరు” అన్నాడు. ఇచ్చాను.

ఇప్పుడా కలిపే పని కంప్యూటరే చేసుకుంటుంది. నేను మాత్రం ఏ గుడిలో టెంకాయ పగిలినా, ఇది ఏ జతదో అని ఒక క్షణం ఆగుతాను. ఆనాడు కాలరు సర్దుకున్న కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడి ధీమాలో కాస్తయినా నాకు మిగిలి ఉంటే బాగుండేదనీ అనిపిస్తుంది.