ఖరాబైందన్న ఎక్స్‌రే

“వెలుతురు తగిలి ఫిలిం ఖరాబైందన్నవు గదా?”

“అవ్, అన్న. గిప్పుడెందుకే అది?”

“ఖరాబైన ఫిలిం మొత్తం నల్లగైతది. పదేండ్లు నీ పక్కన నిలవడి ఫోటోలు కడిగిన, నాకెరుక లేదా? గీ ఎక్స్‌రేల నా పక్కటెముకలు లెక్కబెట్టొచ్చు.”

“జర మెల్లగ. పక్కింటోళ్లు వింటరు.”

“విననీ. రేపు నీకు శాలువా కప్పేటోళ్లు గూడ విననీ.”

ఆయన నా భర్త. తాండూరులో ఉంటూ హైదరాబాదు పత్రికలకు ఫోటోలు తీసేవాడు. రజాకార్ల గడబిడ అణిగిన ఐదారేళ్లకు వరదలో ఒక రైలు వంతెన కూలింది. ఒడ్డున బిడ్డ చెప్పు పట్టుకుని కూర్చున్న తల్లిని ఆయన ఫోటో తీశాడు. అన్ని పత్రికల్లో అచ్చైంది. ఆరు నెలలకు హైదరాబాదులో దానికే సన్మానం. ముందురోజు కోటు ఇస్త్రీ చేద్దామని పెట్టె తెరిస్తే, మడతల్లో నా ఎక్స్‌రే ఉన్న దవాఖాన కవరు దొరికింది.

అంతకు ఆరు నెలల ముందు, బావి దగ్గర బిందె ఎత్తబోతే నాకు చెయ్యి లేవలేదు. సాయంత్రానికి జ్వరం, తెగని దగ్గు. “ఎక్స్‌రే తీయించాలమ్మా, ఆలస్యం చేయొద్దు” అన్నాడు డాక్టరు. వికారాబాదులో తీయించాము. తర్వాత ఫిలిం తేవడానికి ఆయన ఒక్కడే పోయాడు. వంతెన కూలిన కబురు స్టేషనులోనే విన్నాడట. ఇంటికొచ్చి ఫిలిం కిటికీకి ఎత్తి చూసి, “ఖరాబైందే. నీకేం లేదు, సక్కగ తిను” అని కెమెరా తీసుకుని పోయాడు. ఫిలిం సంగతి ఆయనకంటే ఎవరికి తెలుసు? నమ్మాను. ఇంకొకటి తీయించడం దండగ అనుకున్నది నేనే. తర్వాత దగ్గులో నెత్తురు పడితే, వేడి చేసిందన్నాడు.

“డాక్టరు క్షయ అన్నడు. నీకు చెప్తే ఆ దినమే నిన్ను దవాఖానల చేర్పియ్యాలె. వంతెన కాడికి ఎట్ల పోదును? వచ్చినంక చెప్దామనుకున్న.”

“ఆరు నెల్లాయె. ఇంక రాలేదా నువ్వు? నీ బిడ్డ దినాం నా కంచంలనే తిన్నది.”



ఆ తర్వాత వికారాబాదు కొండ మీది క్షయ దవాఖానలో పద్నాలుగు నెలలున్నాను. “ఎడమ ఊపిరితిత్తిలో కావిటీ, అంటే గుంట పడింది. ముందే వస్తే ఇంత ముదిరేది కాదు” అన్నాడు అక్కడి డాక్టరు. స్ట్రెప్టోమైసిన్ సూదులకు చెవుల్లో హోరు, నడిస్తే తూలుడు. కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టారు. చివరికి కఫంలో క్రిములు లేవన్నారు. బిడ్డ ఎక్స్‌రే బాగానే వచ్చింది. అది విన్నాకే నాకు అన్నం సయించింది.

ఇప్పుడు మనవరాలికి పాత చీరలతో లంగాలు కుడుతున్నాను. ఎడమ చెవి వినబడదు, మెట్లెక్కితే ఆయాసం. ఆయన తీసిన ఆ ఫోటోను జనం ఇంకా మెచ్చుకుంటారు. నేను మీకు చెప్పేది ఒకటే. మీ ఎక్స్‌రే మీరే తెచ్చుకోండి. చదువు రాకపోయినా సరే, డాక్టరు ఎదుట కూర్చుని, అతని నోటి నుంచే మీ సంగతి వినండి. ఇంట్లోవాళ్లు చెప్తారులే అని ఊరుకోవద్దు.

ఆ గొడవ మర్నాడు పొద్దున బిడ్డను మా అమ్మకు అప్పగించి, కవరు చంకన పెట్టుకుని రైలెక్కాను. ఆయనా కోటు తొడుక్కుని అదే రైలెక్కాడు. ఎదురెదురుగా కూర్చున్నాము. వికారాబాదులో నేను దిగాను. ఆయన దిగలేదు. రైలు హైదరాబాదుకు పోయింది.