బీరువాలో ఉండాల్సిన డిస్కు

ఈమధ్య ఎవరికి ఫోన్ చేసినా, అవతలివాళ్లు ఎత్తేలోపు ఒకావిడ సైబర్ మోసగాళ్లతో జాగ్రత్తగా ఉండమని హెచ్చరిస్తోంది. నిన్న ఆ హితవు ఓపిగ్గా వింటూంటే, ముత్తుకూరు దగ్గర రొయ్యల కంపెనీలో నేను కంప్యూటర్లు చూసుకున్న రోజులు గుర్తొచ్చాయి.

మా యజమానికి వైరస్ అంటే తెలియదని ఎవరూ అనలేరు. చెరువుల చుట్టూ వైరస్ మోసుకొచ్చే పీతలు రాకుండా వల, పైన కాకులు వాలకుండా తీగలు, గట్టెక్కేముందు పర్మాంగనేటు నీళ్లలో కాళ్లు ముంచడం. స్వయానా వియ్యంకుడొచ్చినా ఆ స్నానం తప్పేది కాదు. ఆఫీసు కంప్యూటర్లకు మాత్రం ఇవేవీ అక్కర్లేదని ఆయన నమ్మకం, వైరస్ సోకిన రొయ్యల్లా వాటికి తెల్లమచ్చలు రావు కాబట్టి. పోనీ చవకగా అయ్యేదేదైనా చెప్పమంటే, ఒక డిస్కు కొని, రోజూ సాయంత్రం లెక్కలన్నీ దాంట్లోకి ఎక్కించి, ఊడదీసి బీరువాలో పెడదామన్నాను. కొన్నారు. వారం తిరక్కుండానే అది బీరువాలో ఊరికే పడుండటం ఆయన కంటబడింది.

“ఏందబ్బయ్యా, దుడ్లు పోసి కొన్నది పడుకోబెట్టేదానికా? తగిలించు, పన్జేస్తా ఉంటాది.”

వద్దన్నాను, జీతం తీసుకునేవాడు ఎంత గట్టిగా అనగలడో అంత గట్టిగా. తగిలించారు.

ఆ ఎండాకాలం, సరుకు కొనేవాళ్ల పేరుతో ఒక మెయిల్ వచ్చింది. మెయిళ్లు చూసే అక్క, భర్త పోయాక ఆ జీతంతోనే ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటున్న మనిషి, దాన్ని తెరిచింది. మధ్యాహ్నానికల్లా లెక్కలన్నిటికీ, అడిగినంత కడితేగానీ తెరుచుకోని తాళం పడింది, తగిలించి ఉన్న పాపానికి డిస్కుతో సహా.

చెరువుకు వైరస్ వస్తే చివరగా అందులో దిగినవాణ్ణి పనిలోంచి పంపించెయ్యడం మా కంపెనీ ఆనవాయితీ; దానివల్ల రొయ్యలు బతికేవి కావుగానీ యజమాని మనసు కుదుటపడేది. ఆఫీసుకూ అదే వైద్యం జరిగింది.

“చివర్న చెయ్యిబెట్టింది నువ్వేగదమ్మా.”

“వచ్చినవి తెరిచేదానికే గదన్నా నాకు జీతమిచ్చేది?” అంది అక్క.

నేను డిస్కు సంగతి ఎత్తాను. ఆయన శాంతంగా విని, “కొత్త మనిషి దొరికిందాకా ఆ మెయిళ్లు నువ్వే చూసుకో అబ్బయ్యా” అన్నారు. భద్రత విషయంలో అంతకన్నా చవకైన నిర్ణయం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఇప్పుడు కంపెనీలు బాగా నేర్చుకున్నాయి. మనిషిని తీసేసే రోజున, ముందు పాస్‌వర్డు చంపేసి, ఆ తర్వాత తీరిగ్గా కబురు చెబుతారు. ఆ రోజు మా అక్కకు క్యారియర్ కడుక్కుని, టీ తాగి, అందరికీ చెప్పి వెళ్లేంత వ్యవధి ఇచ్చారు. దాన్ని కూడా మంచితనంగా తలుచుకునే కాలమొకటి వస్తుందని నేనప్పుడు అనుకోలేదు.